పైన నడిచేవాళ్ళు, కింద డాబా మీద మేము

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. "టెక్నికల్ వ్యాసం ఒకటి ఇవ్వు, కానీ మనం మాట్లాడుకున్నట్టు ఉండాలి" అని క్లబ్‌లో అడిగితే సరే అన్నాను. తీరా కూర్చుంటే నా దగ్గర గట్టిగా చెప్పగలిగిన విషయం ఒక్కటే ఉంది. అది నేను హాస్టల్ అందరి ముందు పరువు పోగొట్టుకున్న విషయం. సరే, అక్కడి నుంచే మొదలుపెడతా.

చలికాలం. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ స్పేస్ స్టేషన్‌లో ఇరుక్కుపోయారని టీవీల్లో రోజూ చెప్తున్న రోజులవి. (ఇరుక్కుపోయాం అని వాళ్ళిద్దరూ అప్పట్లో ఒప్పుకోలేదు, అది వేరే కథ.) ఆ స్టేషన్ మన కాలేజీ మీదుగా ఎప్పుడు వెళ్తుందో నేనే లెక్కకట్టి చెప్తానని మా ఫ్లోర్‌లో బడాయికి పోయాను. యాప్‌లు ఉన్నాయి, నాకు తెలుసు. కానీ సీఎస్‌ఈ చదువుతూ యాప్ చూసి చెప్తే ఏం గొప్ప?

పైథాన్‌లో స్కైఫీల్డ్ అని ఒక లైబ్రరీ ఉంది. స్టేషన్ కక్ష్య వివరాలు నెట్‌లో రెండు లైన్ల అంకెలుగా దొరుకుతాయి. లైనుకి 69 అక్షరాలు. వాటిని టీఎల్‌ఈ అంటారు. ఆ రెండు లైన్లూ, మన ఊరి అక్షాంశం, రేఖాంశం ఇస్తే అది ఎప్పుడు ఉదయిస్తుందో, ఎప్పుడు నడినెత్తికి వస్తుందో, ఎప్పుడు అస్తమిస్తుందో లైబ్రరీయే చెప్తుంది. నలభై లైన్ల కోడ్. రన్ చేశాను. రాత్రి 12 గంటల 22 నిమిషాలకి అని వచ్చింది.

పద్నాలుగు మంది దుప్పట్లు కప్పుకుని డాబా ఎక్కారు. 12:22 అయింది. 12:25 అయింది. ఓరియన్ తప్ప ఏమీ లేదు. 12:30కి మా రూమ్మేట్, మెకానికల్ వాడు, చాలా మెల్లగా ఒక ప్రశ్న అడిగాడు: "ఒరేయ్, దానికి లైటేమైనా ఉంటదా?" లేదన్నాను, ఎండ పడి మెరుస్తుందన్నాను. "మరి అర్ధరాత్రి ఎండెక్కడ్రా?"

ఆ నవ్వులకి వాచ్‌మన్ తాత టార్చ్ పట్టుకుని పైకి వచ్చేశాడు. సంగతి చెప్తే మమ్మల్ని తిట్టడం మానేసి, "తెల్లారుజామున నేను చూస్తా ఉంటా బాబూ, ఏదో పెద్ద చుక్క ఇటునుంచి అటు పోద్ది. ఇమానం కాదది, లైటు ఆరి ఎలగదు. చప్పుడుండదు" అన్నాడు. నేను ఆయన మాట అంతగా పట్టించుకోలేదు. అప్పటికి నా బాధ నాది.

బగ్ ఏంటో మీలో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. లైబ్రరీ ఇచ్చేది యూటీసీ టైమ్. దాన్ని మన టైమ్‌లోకి మార్చే ఫంక్షన్ ఒకటి రాశాను. ప్రింట్ చేసేటప్పుడు మళ్ళీ ఇంకోసారి ఐదున్నర గంటలు కలిపాను. అసలు పాస్ సాయంత్రం 6:52కి. మేమంతా మెస్‌లో స్నాక్స్ లైన్లో ఉన్నప్పుడు అది మా నెత్తి మీదుగా నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది.

టైమ్‌జోన్ బగ్ ఎవరికైనా వస్తుంది, దానికి నేను సిగ్గుపడను. సిగ్గు ఎందుకంటే, విషయం తెలిసినవాడైతే 12:22 అనే అంకె చూడగానే "ఇది తప్పు" అనుండాలి. కోడ్ తెరిచే పనే లేదు. అందుకే ఆ ప్రశ్నకి జవాబు ముందు చూద్దాం.

గోపురం మీద ఎండ

సాయంత్రం మాడవీధిలో ఎండ పోయి నీడలు పరుచుకున్నాక కూడా గాలిగోపురం కలశాల మీద ఎండ ఉంటుంది, చూసే ఉంటారు. గోపురం ఎత్తు కాబట్టి సూర్యుడు దానికి ఇంకా కనిపిస్తున్నాడు. స్పేస్ స్టేషన్ సుమారు 420 కి.మీ. ఎత్తున్న గోపురం అనుకోండి. మనకి చీకటి పడిపోయినా దానికి చాలాసేపు ఎండ ఉంటుంది.

ఎంతసేపు? ఇది ఇంటర్ ట్రిగొనామెట్రీయే. భూమి వ్యాసార్ధం 6371 కి.మీ. స్టేషన్ దూరం భూమి కేంద్రం నుంచి 6791. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.938. దీని కాస్ ఇన్వర్స్ దాదాపు 20 డిగ్రీలు. అంటే సూర్యుడు మన దిగంతానికి 20 డిగ్రీల కిందికి దిగేదాకా మన నడినెత్తిన ఉన్న స్టేషన్‌కి ఎండ తగులుతూనే ఉంటుంది. మన అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు కాబట్టి ఆ 20 డిగ్రీలకి పట్టేది సుమారు గంటన్నర. పొద్దుగూకిన మొదటి పది ఇరవై నిమిషాలు ఆకాశం ఇంకా వెలుగుగా ఉంటుంది, అప్పుడు చూసి లాభం తక్కువ. మిగిలింది గంట పైచిలుకు. పొద్దున కూడా ఇంతే, తలకిందులుగా. సూర్యోదయానికి ముందు గంటన్నరలోపు.

అంటే మన విజయవాడ నుంచో వరంగల్ నుంచో చూస్తే స్టేషన్ కనిపించేది మునిమాపు వేళ, తెల్లారుజామున. అంతే. నడిరాత్రి అది మన మీదుగా వెళ్తూనే ఉంటుంది, కానీ భూమి నీడలో నల్లగా. యూరప్ ఉత్తరాన ఎండాకాలంలో సూర్యుడు అంత లోతుకి దిగడు కాబట్టి వాళ్ళకి అర్ధరాత్రి కూడా కనిపిస్తుంది. ఆ అదృష్టం మనకి లేదు. వాచ్‌మన్ తాత చెప్పిన టైమ్ కరెక్టు. నా స్క్రిప్ట్ తప్పు. డిగ్రీ లేకపోయినా డేటా ఆయన దగ్గరుంది.

ఇంకో ముచ్చట కూడా ఈ నీడ వల్లే. సాయంత్రం పాస్ అయితే అది పడమటి వైపు పైకి లేచి, వెలుగుతూ వచ్చి, తూర్పు వైపు దిగుతుండగా ఆకాశం మధ్యలోనే ఆరిపోతుంది. మబ్బు లేదు, చెట్టు అడ్డం లేదు. కొన్ని సెకన్లలో కాస్త ఎర్రబారి, మసకబారి మాయమవుతుంది. ఆ క్షణాన అక్కడ ఉన్నవాళ్ళకి సూర్యాస్తమయం అయిందన్నమాట. వాళ్ళకి రోజుకి పదహారు అస్తమయాలు. అందులో ఒకటి మనం కింద నుంచి చూస్తాం. తెల్లారుజామున పాస్‌లో దీనికి తిరగేసి: ఖాళీ ఆకాశంలో ఉన్నట్టుండి ఒక చుక్క పుడుతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. మంచి పాస్‌లో అది శుక్రుడి అంత వెలుగు ఉంటుంది. రెపరెపలాడదు, ఎర్ర పచ్చ లైట్లు ఉండవు, చప్పుడు ఉండదు. వేగం సెకనుకి 7.66 కి.మీ. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి గాలిలో గీత గీస్తే 250 కి.మీ. ఉంటుందేమో, బస్సులో ఐదారు గంటలు కూర్చుంటాం, దానికి అరనిమిషం పైన మూడు సెకన్లు. అయినా నింగిలో చూస్తే తొందరేమీ లేనట్టు కనిపిస్తుంది. నడినెత్తిన ఉన్నప్పుడు కూడా సెకనుకి ఒక డిగ్రీయే కదులుతుంది. మొత్తం పాస్ ఆరేడు నిమిషాలు.

ఇంకో మాట. దిగంతానికి పది డిగ్రీల ఎత్తులో కనిపిస్తున్నప్పుడు అది మనకి దాదాపు 1500 కి.మీ. దూరంలో ఉంటుంది. నడినెత్తికి వస్తే 420. అందుకే మొదట మసకగా కనిపించి "ఇదేనా?" అనిపిస్తుంది, మూడు నిమిషాల్లో కళ్ళు తిప్పుకోలేనంత వెలుగు అవుతుంది. ఈరోజు కనిపించకపోతే రేపు అదే టైమ్‌కి చూద్దాం అనుకోకండి. దాని కక్ష్య సూర్యుడితో పోలిస్తే రోజుకి ఆరు డిగ్రీల దాకా పక్కకి జరుగుతూ ఉంటుంది, అందువల్ల పాస్‌లు రోజుకి ఇరవై పాతిక నిమిషాలు ముందుకి వచ్చేస్తాయి. కొన్ని రోజులు సాయంత్రాలు, తర్వాత కొన్ని రోజులు ఏమీ ఉండవు, తర్వాత తెల్లారుజాములు.

నడక అంటారు గానీ

ఇప్పుడు ఆ చుక్క బయట మనుషులు వేలాడే సంగతి. పేపర్లలో "అంతరిక్ష నడక" అని రాస్తారు. తెలుగు నాకు అంతంతమాత్రమే అయినా ఈ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. అక్కడ ఎవరూ నడవరు. కాళ్ళకి పనే లేదు. మొత్తం చేతుల మీదే, ఒక కమ్మీ పట్టుకుని, తర్వాతి కమ్మీ అందుకుని, ఒళ్ళంతా వెనక తోకలా ఈడ్చుకుంటూ పోవడం. పాకడం అంటే కొంచెం దగ్గర. నడుముకి 26 మీటర్ల ఉక్కు తాడు, రీలులో చుట్టుకుంటూ వదులుకుంటూ వస్తుంది. అదీ తెగితే వీపు మీద చిన్న నైట్రోజన్ జెట్ ప్యాక్.

ఇదంతా మొదట ఎవరికీ తెలియదు. 1965 మార్చి 18న అలెక్సీ లియనోవ్ మొదటిసారి బయటికి వచ్చి పన్నెండు నిమిషాలు ఉన్నాడు. శూన్యంలో ఆయన సూట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది. వేళ్ళు గ్లవ్స్ లోంచి వెనక్కి జారిపోయాయి. వచ్చిన దారిలో లోపలికి పట్టలేదు. చివరికి వాల్వ్ తిప్పి సూట్‌లో గాలి కొంత వదిలేసి, ఎలాగో దూరాడు. తర్వాతి ఏడాది జూన్‌లో అమెరికా వాళ్ళ జీన్ సెర్నన్ రెండు గంటలు బయట నానా తిప్పలు పడ్డాడు. పట్టుకోవడానికి సరైన కమ్మీలు లేవు. కాలు ఆన్చడానికి చోటు లేదు. న్యూటన్ మూడో సూత్రం: నువ్వు బోల్టు తిప్పితే బోల్టు నిన్ను తిప్పుతుంది. చెమటకి హెల్మెట్ అద్దం లోపల పొగమంచు పట్టి ఏమీ కనపడలేదు. అదే ఏడాది నవంబర్‌లో బజ్ ఆల్డ్రిన్ స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీసు చేసి, కమ్మీలు, కాలు ఇరికించే పట్టీలు పెట్టించుకుని వెళ్ళాడు. పని ఇట్టే అయిపోయింది. అప్పటి నుంచి అందరూ నీళ్ళలోనే నేర్చుకుంటున్నారు. హ్యూస్టన్‌లో ఇప్పుడున్న ట్యాంకులో రెండు కోట్ల ముప్పై ఐదు లక్షల లీటర్ల నీళ్ళు. స్టేషన్ భాగాల నమూనాలు అందులో ముంచి పెట్టారు.

లియనోవ్ కష్టం పూర్తిగా పోలేదు, కొంచెం సర్దుకున్నారంతే. సూట్‌లో మామూలు గాలి ఒత్తిడి పెడితే వేలు కూడా వంచలేరు, బాగా గాలి కొట్టిన సైకిల్ ట్యూబ్‌ని వంచడం లాగా. అందుకని ఒత్తిడి మన గాలిలో మూడో వంతు కన్నా తక్కువే పెడతారు, నింపేది స్వచ్ఛమైన ఆక్సిజన్. కానీ ఉన్నట్టుండి ఒత్తిడి తగ్గిస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ ఏమవుతుంది? గోలీ సోడా గోలీ నొక్కితే ఏమవుతుందో అదే అవుతుంది. బుడగలు. కీళ్ళలో, మెదడులో బుడగలు. అందుకే బయటికి వెళ్ళే ముందు గంటల తరబడి ఆక్సిజన్ పీల్చి నైట్రోజన్‌ని ఒంట్లోంచి వెళ్ళగొట్టుకుంటారు. ఆరేడు గంటల పని కోసం ఇంత తతంగం. ఇంత చేసినా గ్లవ్స్ మాత్రం మొండివే. ప్రతి పిడికిలీ ఒక ఎక్సర్‌సైజే. గోళ్ళు ఊడిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

సునీతా విలియమ్స్ ఇలా తొమ్మిది సార్లు బయటికి వెళ్ళారు. మొత్తం 62 గంటల 6 నిమిషాలు. టీవీలు ఇరుక్కుపోయారు అన్న ఆ రోజుల్లోనే, 2025 జనవరిలో రెండు సార్లు.

అక్కడ ఇంకో పెద్ద సమస్య వేడి. బయట చలి కదా అనుకుంటాం. శూన్యంలో గాలి లేదు కాబట్టి ఒంటి వేడి ఎటూ పోదు, థర్మాస్‌లో టీ లాగా. సూట్ లోపల ఒంటికి అతుక్కునే డ్రెస్ ఒకటి వేసుకుంటారు, దాని నిండా సన్నని గొట్టాలు, వాటిలో చల్లని నీళ్ళు తిరుగుతుంటాయి. ఆ నీళ్ళని చల్లబరిచేది మన మట్టికుండకి దూరపు చుట్టం. వీపు మీద పెట్టెలో సన్నని రంధ్రాలున్న లోహపు పలక ఉంటుంది. కొంచెం నీరు ఆ రంధ్రాల్లోంచి శూన్యం వైపు వెళ్ళి గడ్డకట్టి, ఆ మంచు నేరుగా ఆవిరైపోతూ వేడి పట్టుకుపోతుంది. కుండ చెమర్చినట్టే, కాకపోతే మధ్యలో మంచు.

నీళ్ళ గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే, ఊపిరి పీల్చే గాలి, ఈ నీళ్ళు రెండూ అదే వీపు పెట్టెలో పక్కపక్కనే ఉంటాయి. గాలి తిప్పే ఫ్యాను, నీళ్ళు తిప్పే పంపు, గాలిలోని తేమని వేరుచేసే సెపరేటర్, మూడూ ఒకే మోటారు మీద. గాలి హెల్మెట్‌లోకి వచ్చే దారి తల వెనక ఉంటుంది.

క్లోజ్ చేసేసిన టికెట్

2013 జూలై 16. ఇటలీ ఎయిర్‌ఫోర్స్ పైలట్ లూకా పర్మిటానో, అమెరికన్ క్రిస్ క్యాసిడీ బయట పనిలో ఉన్నారు. మొదలుపెట్టి ముప్పావుగంట. తల వెనక తడిగా ఉంది అన్నాడు లూకా. చెమటేమో, తాగే నీళ్ళ సంచి లీకేమో అని కింద వాళ్ళు, పైన వాళ్ళు కాసేపు చర్చించుకున్నారు. తడి పెరుగుతోంది. సరే, ఆపి వెనక్కి వచ్చేయండి అన్నారు.

భూమి మీద నీళ్ళు కిందికి కారిపోతాయి. అక్కడ కింద అనేదే లేదు. సర్ఫేస్ టెన్షన్ వల్ల నీళ్ళు జెల్లీలాగా చర్మానికి అతుక్కుంటాయి, పాకుతాయి. తల వెనక నుంచి చెవుల్లోకి, కళ్ళ మీదికి, ముక్కు మీదికి వచ్చాయి. హెల్మెట్ లోపలికి చెయ్యి పెట్టి తుడుచుకునే వీలు లేదు. తీసేసే వీలు అసలే లేదు. స్టేషన్ రాత్రి వైపుకి వెళ్ళిపోయింది, చీకటి. మాటలు సరిగా వినపడటం లేదు. దారిలో ఒళ్ళు తిప్పుకోవాల్సి వచ్చినప్పుడు నీళ్ళు ముక్కుని పూర్తిగా కప్పేశాయి. ఇక నోటితో పీల్చడమే. అదీ మూసుకుంటే ఏం చేయాలో కూడా ఆలోచించుకున్నాడు: లియనోవ్ లాగే ఒక వాల్వ్ తెరిచి, గాలితో పాటు నీళ్ళని బయటికి పంపడం. తెరిస్తే ఊపిరికి ఉన్న గాలే పోతుంది. ఆఖరి ఉపాయం అది.

అతన్ని ఇంటికి చేర్చింది ఆ ఉక్కు తాడు. రీలు తాడుని మెల్లగా వెనక్కి లాగుతూ ఉంటుంది కదా, ఆ లాగుడు ఎటు ఉందో ఒంటికి తెలుస్తుంది. కళ్ళు లేకుండా ఆ లాగుడు వైపు పాక్కుంటూ ఎయిర్‌లాక్ చేరాడు. వెనకే క్యాసిడీ వచ్చి తలుపు మూశాడు. గాలి నిండటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా హెల్మెట్ తీయకూడదు. క్యాసిడీ అతని చెయ్యి నొక్కాడు. తిరిగి నొక్కితే బతికే ఉన్నాడని. నొక్కాడు. హెల్మెట్ తీశాక లెక్కేస్తే దాదాపు లీటరున్నర నీళ్ళు. ఆ రోజు వాళ్ళు బయట ఉన్నది మొత్తం గంటా 32 నిమిషాలు.

కారణం ఏంటంటే సెపరేటర్‌లోని చిన్న చిన్న రంధ్రాలకి మలినాలు పేరుకుని మూసుకుపోయాయి. గాలి నుంచి విడిపోవాల్సిన నీరు పోయే దారిలేక గాలి గొట్టంలోకి, అక్కడి నుంచి తల వెనక్కి. ఇంతవరకు హార్డ్‌వేర్ బగ్. నన్ను నిద్రపోనివ్వనిది తర్వాతి భాగం.

సరిగ్గా వారం ముందు, జూలై 9న, ఇదే లూకా, ఇదే సూట్ వేసుకుని బయటికి వెళ్ళొచ్చాడు. హెల్మెట్ తీసినప్పుడు లోపల నీళ్ళు కనిపించాయి. తాగే సంచి కారి ఉంటుంది అనుకున్నారు. సంచి మార్చారు. అయిపోయింది. హెల్మెట్‌లో కాసిని నీళ్ళు కనపడటం అంతకుముందు కూడా ఉండేది కాబట్టి ఎవరికీ అది వింతగా అనిపించలేదు. గట్టిగా ప్రశ్నిస్తే పెద్ద విచారణ, పని ఆలస్యం. తర్వాత నాసా వేసిన విచారణ బృందం ఈ విషయాలన్నీ మొహమాటం లేకుండా రాసింది.

మన భాషలో చెప్పుకుంటే: బగ్ రిపోర్ట్ వచ్చింది, ఎవరో "ఇది తెలిసిందేలే" అని ఒక కారణం రాసి, ఆ కారణం నిజమా కాదా చూడకుండానే టికెట్ క్లోజ్ చేశారు. వాళ్ళు నాలాంటి సెకండియర్ వాళ్ళు కాదు, ప్రపంచంలోనే జాగ్రత్తపరులైన ఇంజనీర్లు. 12:22 అనే అంకె చూసి నేను "లైబ్రరీ చెప్పింది కదా" అనుకున్నాను. నా తప్పుకి పోయింది పద్నాలుగు మంది నిద్ర.

ఆ తర్వాత ఏం చేశారో వింటే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది కూడా. హెల్మెట్ వెనక నీళ్ళు పీల్చే మెత్త ఒకటి, నోటి దగ్గర నుంచి సూట్ లోపలికి ఒక ప్లాస్టిక్ గొట్టం. నీళ్ళు ముఖం మీదికి వచ్చినా, గొట్టంతో కింద నుంచి గాలి పీల్చుకోవచ్చు. కోట్ల డాలర్ల సూట్‌లో, ఈతగాళ్ళ స్నార్కెల్. పనిచేసేదైతే చాలు, అందం ఎవడికి కావాలి.

ఒక ఆర్క్‌సెకండ్ మనిషి

ఇంత కథ జరుగుతున్న చోటుని కింద నుంచి చూస్తే మనకి చుక్క. టెలిస్కోప్‌తో? స్టేషన్ పొడవు 109 మీటర్లు, ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత. నడినెత్తిన ఉంటే అది కంటికి చేసే కోణం యాభై ఆర్క్‌సెకన్ల పైన, బృహస్పతి అంత. సోలార్ ప్యానెళ్ళు విడివిడిగా ఫోటో తీసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మరి మనిషి? రెండు మీటర్ల సూట్‌ని 420 కి.మీ. తో భాగించండి. ఒక ఆర్క్‌సెకండ్ వస్తుంది. మామూలు రాత్రి గాలి కదలికకే బొమ్మ అంత చెదిరిపోతుంది. పైగా టెలిస్కోప్‌ని సెకనుకి డిగ్రీ చొప్పున తిప్పుతూ ఉండాలి.

అయినా ఒకాయన తీశాడు. 2022 మార్చి 23న జర్మన్ వ్యోమగామి మథియాస్ మౌరర్, అమెరికన్ రాజాచారి బయట పనిచేస్తున్నారు. రాజాచారి వాళ్ళ నాన్న శ్రీనివాసాచారి మన హైదరాబాద్ నుంచి ఇంజనీరింగ్ చదువుకోవడానికి అమెరికా వెళ్ళిన మనిషి. ఆ సాయంత్రం సెబాస్టియన్ వోల్ట్‌మర్ అనే ఫోటోగ్రాఫర్ మౌరర్ సొంత ఊరు సాంక్ట్ వెండెల్‌లో టెలిస్కోప్ పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యుడు అస్తమించిన కాసేపటికి స్టేషన్ ఆ ఊరి మీదుగా వెళ్ళింది. ఫోటోలో స్టేషన్ అంచున రెండు చిన్న తెల్లని మచ్చలు. అవే వాళ్ళిద్దరూ. ఊరి కుర్రాడు పైన పనిచేస్తుంటే ఊళ్ళోంచే ఫోటో.

ఇందులో నాకు ఒళ్ళు జలదరించిన విషయం వేరే. ఆ రోజు పని ముగించి లోపలికి వచ్చాక మౌరర్ హెల్మెట్‌లో నీళ్ళు కనిపించాయి. అద్దం మీద పల్చటి పొర. లూకా తొమ్మిదేళ్ళ కిందట పడ్డ కష్టం గుర్తుంది కాబట్టి ఈసారి "తాగే సంచి" అని ఎవరూ అనలేదు. అత్యవసరం కాని స్పేస్‌వాక్‌లన్నీ ఆపేసి నెలల తరబడి పరీక్షలు చేశారు. అమెరికన్ సూట్లతో మళ్ళీ బయటికి వెళ్ళింది నవంబర్‌లోనే. ఆ ఫోటోలోని మచ్చల్లో ఒకదాని లోపల నీళ్ళు చేరుతున్నాయని అప్పుడు కింద ఉన్నవాళ్ళకీ తెలియదు, పైన ఉన్నవాళ్ళకీ తెలియదు.

మనిషి కన్నా తేలిగ్గా కనిపించినది ఒకటి ఉంది: పనిముట్ల సంచి. 2008 నవంబర్‌లో హైడ్‌మేరీ స్టెఫనిషిన్ పైపర్ బయట ఉండగా సంచిలో గ్రీజు కారింది. తుడుచుకుంటూ ఉంటే సంచి చేజారి వెళ్ళిపోయింది. మళ్ళీ 2023 నవంబర్ 1న జాస్మిన్ మొగ్బెలీ, లోరల్ ఓహారాల చేతుల నుంచి ఇంకో సంచి. రెండిటినీ కింద నుంచి ఔత్సాహికులు బైనాక్యులర్లతో పట్టుకున్నారు. రెండోది స్టేషన్ కన్నా కొన్ని నిమిషాలు ముందు వెళ్తూ కనిపించేది. ముందు ఎందుకు? అక్కడ కూడా పల్చగా గాలి ఉంది. తేలికైన సంచిని ఆ గాలి ఎక్కువ ఆపుతుంది. ఆపితే వెనకబడాలి కదా? పడదు. కిందికి దిగుతుంది, కింది కక్ష్యలో వేగం ఎక్కువ, చుట్టు చిన్నది, కాబట్టి ముందుకి పోతుంది. బ్రేకేస్తే స్పీడు పెరిగే బండి. ఆర్బిటల్ మెకానిక్స్ ఎలెక్టివ్ తీసుకోవాలని నాకు మొదటిసారి అనిపించింది ఇది చదివినప్పుడే.

మళ్ళీ డాబా

మూడు రోజుల తర్వాత ఇంకో పాస్ ఉంది. సాయంత్రమే. ఈసారి నేను ఎవరినీ పిలవలేదు. టైమ్ మూడు రకాలుగా సరిచూసుకున్నాను: స్క్రిప్ట్, యాప్, కాగితం మీద సూర్యుడి లెక్క. పాత టీఎల్‌ఈ వాడితే కొన్ని రోజులకే టైమ్ జారిపోతుంది, మధ్యలో స్టేషన్‌ని పైకి నెట్టే ఇంజన్లు మండిస్తారు కాబట్టి. అది కూడా కొత్తది దించుకున్నాను. మా రూమ్మేట్ వచ్చాడు, పిలవకుండానే. మెట్ల దగ్గర వాచ్‌మన్ తాత కనిపిస్తే నేనే రమ్మన్నాను.

వాయవ్యాన, వాటర్ ట్యాంకు పక్క నుంచి లేచింది. మొదట మసకగా. రూమ్మేట్ "విమానం" అన్నాడు. తాత "కాదు" అన్నాడు. మూడు నిమిషాల్లో మా నెత్తి మీదికి వచ్చేసింది. చప్పుడు లేదు. అందులో మనుషులున్నారని, ఒకరి పేరు సునీత అని తాతకి చెప్పాను. ఎంతమంది అని అడిగాడు. ఏడుగురన్నాను. "అన్నం గట్రా?" అన్నాడు. ప్యాకెట్లన్నాను. ఆగ్నేయం వైపు కాస్త దిగిందో లేదో ఎర్రబారి ఆరిపోయింది. ఆయన ఇంకా అటే చూస్తూ, "తెల్లారుజామున దీనికి తిరగేసి ఉంటది, ఇక్కడ పుట్టినట్టు ఎలుగుద్ది" అని పడమటి వైపు చెయ్యి చూపించాడు. నేను కాగితం మీద కట్టిన లెక్క సరిగ్గా అదే చెప్తోంది.

2030 దాటాక ఈ స్టేషన్‌ని పసిఫిక్ సముద్రంలో దించేసే ఏర్పాట్లు ఇప్పటికే మొదలయ్యాయి. కాబట్టి ఉన్న నాలుగు చలికాలాల్లోనే చూడాలి. స్క్రిప్ట్ క్లబ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. మీ ఊరి అక్షాంశం, రేఖాంశం మార్చుకుంటే చాలు. 31వ లైన్‌లో టైమ్‌జోన్ మార్పు ఉంది, అది మాత్రం మీరూ ఒకసారి చూడండి.